ఫొటో అంచున ఎర్ర కోటు

కోరుట్లలో బస్సు దిగి రోడ్డు దాటుతుంటే రెండు కరెంటు స్తంభాల మధ్య కట్టిన ఫ్లెక్సీ కనబడింది. మా వైపు ఇప్పుడు చావు కబురు చెప్పేది ఫ్లెక్సీలే. ఎవరు పోయారో అని తలెత్తి చూశాను. బ్యాండు మాస్టరు. పైన కన్నీటి నివాళి అని, కింద ఉద్యమ డప్పు కళాకారుడు అని పెద్ద అక్షరాలు. ఫొటోలో ఆయన భుజాన గొంగడి ఉంది, మెడలో డప్పు ఉంది, రెండు చేతుల్లో పుల్లలున్నాయి. కళ్లు కిందికి వాలి ఉన్నాయి. తెలియనివాళ్లు చూస్తే వాయిద్యంలో లీనమైపోయిన మనిషి అనుకుంటారు.

పెద్దయ్యాక ఆయన డప్పు పట్టింది ఆ ఒక్కనాడే. నేను అక్కడే ఉన్నాను. ఆ కళ్లు ఎందుకు వాలిపోయాయో నాకు తెలుసు.

నేను జగిత్యాలలో విలేకరిగా చేరిన రోజుల్లో కోరుట్ల అంటే బ్యాండు. సంబంధం కుదిరిందని చెప్పగానే మా వైపు ఆడవాళ్లు అడిగే మొదటి ప్రశ్నల్లో 'కోరుట్ల బ్యాండు మాట్లాడినరా' అన్నది ఒకటి. రాయికల్ నుంచి, మేడిపల్లి నుంచి, అటు సిరిసిల్ల నుంచి కూడా జనం వచ్చి ముహూర్తం చెప్పి పోయేవారు. రోడ్డు పక్కన వరుసగా బ్యాండు దుకాణాలుండేవి. ఒక దాని బోర్డు మీద రెండు సింహాలు, ఇంకోదాని మీద నెమలి. లోపల గోడలకు ఎర్ర కోట్లు, వాటి కింద పెద్ద డోళ్లు. మధ్యాహ్నం పూట ఒక దుకాణంలో ఊదే పాట పక్క దుకాణంలోకి పోయి మారిపోయి వచ్చేది. కొత్త సినిమా పాట జగిత్యాల థియేటర్లో వినబడిన వారంలోపే కోరుట్ల బ్యాండులో వినబడేది.

మా మాస్టరు ఆ నెమలి బోర్డు దుకాణం ఆయన. క్లారినెట్ ఊదేవారు. క్లారినెట్ మూతి దగ్గర సన్నని రెల్లు బద్ద ఒకటి బిగిస్తారు, దాన్ని వాళ్లు రీడు అంటారు. అది తడిగా ఉంటేనే పలుకుతుందట. అందుకని ఆయన దాన్ని ఎప్పుడూ బుగ్గలో పెట్టుకొని ఉండేవారు. మాట్లాడినా, నవ్వినా, కోపం చేసినా నోటికి ఒక పక్క నుంచే. కొత్తవాళ్లు ఆయనకు పక్షవాతం వచ్చిందేమో అనుకునేవారు. ఎవరైనా జాలిపడి అడిగితే రీడు తీసి చూపి, 'నా నోట్లున్నది బంగారం పన్ను కాదు, అంతకంటె ఎక్కువది' అనేవారు.

అణకువ ఆయనలో లేదు. తలకు నూనె, మీసానికి దువ్వెన, ఎండాకాలంలోనూ మెడదాకా గుండీలు పెట్టిన ఎర్ర కోటు. చేతి మడతల మీద బంగారు రంగు అల్లిక. బ్యాండులో మిగతావాళ్లు ముహూర్తానికి కోటు తొడిగితే ఆయన పొద్దున్నే తొడిగేవారు. టీ హోటల్‌కు కోటుతోనే వచ్చేవారు. 'ఇప్పుడు పెండ్లి లేదు గదా మాస్టరూ' అంటే, 'కలెక్టర్ ఇంటికి పోంగనే కలెక్టర్ కాకుండ పోతడా' అనేవారు.

మాది సిరిసిల్ల అని తెలిసిన రోజు నుంచి నన్ను పేరు పెట్టి పిలవలేదు. సిరిసిల్లా అనే పిలిచేవారు. మా ఊళ్లో పొద్దుమాపులు సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుస్తూనే ఉంటాయి. ఆ చప్పుడులో పుట్టి పెరిగినవాళ్లకు సంగీతం ఎక్కదని ఆయన నమ్మకం. 'మీ సిరిసిల్లోళ్లకు చెవులుంటయా అసలు? పుట్టినకాడికెల్లి ఒక్కటే తాళం వింటిరి' అనేవారు. నేను నవ్వేవాణ్ని. ఆ మాటకు ఇప్పుడు నవ్వు రాదు, అది తర్వాత చెబుతాను.

ఆయన గురించి మూడు సంగతులు అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

మొదటిది, వాళ్ల నాన్న ముచ్చట. మా నాయిన నాటకాల కంపెనీల హార్మోనియం మాస్టరు అని చెప్పేవారు. ఏ కంపెనీ అంటే ఒకసారి నిజామాబాద్‌ది అనేవారు, ఇంకోసారి బొంబాయిది అనేవారు. నిజానికి వాళ్ల నాన్న పక్క పల్లెలో డప్పు కొట్టిన మనిషి. మాదిగ వాడలో పుట్టిన మగవాడికి ఆ ఊరు వేసిన పని అది. ఎవరు చచ్చినా డప్పు, ఏ చాటింపు వేయాలన్నా డప్పు. పని అయ్యాక ఇంటి వెనక నిలబడి మిగిలిన అన్నం కొంగులోనో గిన్నెలోనో పట్టుకొని రావడం. మాస్టరు చిన్నతనంలోనే ఆ పల్లె విడిచి పట్నాల్లో బ్యాండుల వెంట తిరిగి క్లారినెట్ నేర్చుకున్నారు. ఇదంతా తెలిసినవాళ్లు కూడా హార్మోనియం కథ వింటూ తల ఊపేవారు. అది మర్యాద అనుకునేవాళ్లం.

రెండోది, వాయించిన చోట ఆయన తినేవారు కాదు. బ్యాండువాళ్లను అన్నిచోట్లా ఆఖరి బంతికే పిలిచేవారు, అదీ టెంటు వెనక. మిగతావాళ్లు పోయి కూర్చునేవారు. ఆయన మాత్రం ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు టిఫిను విప్పి ఎక్కడో ఒక అరుగు మీద తినేవారు. 'ఊదెటోడు కడుపు నింపుకుంటే గాలి యాడ పడ్తది' అని చెప్పేవారు. గాలి కోసం కాదని అందరికీ తెలుసు.

మూడోది, రోడ్డు మీద డప్పు చప్పుడు వినబడితే ఆయన దగ్గర్లో ఉన్న ఏ దుకాణంలోకైనా పోయేవారు. టీ హోటలైతే టీ చెప్పేవారు. ఒకసారి మందుల దుకాణంలోకి పోయి, ఏం కావాలంటే తోచక జండూబామ్ కొన్నారు.

డప్పు గురించి కొంచెం చెప్పాలి. పల్లెల్లో పెద్దవాళ్లు దూరం నుంచి విని అది ఏ డప్పో చెప్పేవారు. పెండ్లికి ఒక దెబ్బ, జాతరకు ఒక దెబ్బ, చాటింపుకు ఒకటి, చావుకు ఒకటి. చావు దెబ్బ నిదానంగా మొదలవుతుంది. రెండు దెబ్బల నడుమ ఆగుతుంది. ఆ ఆగడంలోనే మనిషి పోయాడని తెలుస్తుంది. అది వినబడితే పొలంలో ఉన్నవాళ్లు నడుం ఎత్తి నిలబడేవారట. మాకు ఇవేమీ తెలియవు. మా తరానికి డప్పంతా ఒక్కటే.

నా పెండ్లి సిరిసిల్లలో అయింది. మా నాన్న కోరుట్ల బ్యాండే కావాలని పట్టుబట్టి మాస్టరును పిలిపించారు. ఊరేగింపులో ఆయన ఊదిన పాటలు మా బంధువులు ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. నాకు గుర్తున్నది వేరే. ఫొటోగ్రాఫరు ప్రతి ఫొటోకు ముందు 'బ్యాండు జర పక్కకు' అని అరిచేవాడు. నాలుగైదు సార్లు అరిచాక అరవడం మానేశాడు, అవసరం లేకపోయింది. లైటు వెలగగానే మాస్టరు కాలు తనంత తానే పక్కకు జరిగేది. పాట తెగేది కాదు, వేలు తప్పేది కాదు. మనిషి మాత్రం వెలుతురులోంచి తప్పుకునేవారు. ఎన్ని వందల పెళ్లిళ్లలో నేర్చుకున్న అడుగో అది. చూసి, ఎంత ఒడుపు అనుకున్నాను. అంతే అనుకున్నాను.

తెలంగాణ ఉద్యమం వచ్చింది. ఊళ్లన్నీ పాటలైపోయాయి. సాయంత్రమైతే ఎక్కడో ఒకచోట స్టేజీ, మైకు, గజ్జెలు, గొంగళ్లు, డప్పులు. ఒకప్పుడు ఊరి బయట నిలబడ్డ డప్పు స్టేజీ నడిమధ్యకు వచ్చింది. చదువుకున్న పిల్లలు, డప్పుతో ఏ సంబంధం లేని ఇండ్ల పిల్లలు, దాన్ని మెడలో వేసుకొని ఊళ్లో తిరిగారు. నేను వార్తలు రాశాను, సంతోషంగా రాశాను. అది నిజంగా సంతోషమే. కానీ బ్యాండుకు ఆ స్టేజీల మీద చోటు లేదు. సినిమా పాటలు ఆంధ్రావాళ్లవి, డప్పు మనది అని పిల్లలు తేల్చేశారు. కోరుట్ల పేరు చెబితే, ఆ పెండ్లి బ్యాండోళ్లా అని నవ్వడం అప్పుడే మొదలైంది.

కోరుట్ల రోడ్డు మీద వంటావార్పు జరిగిన నాడు మాస్టరును చూశాను. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి ఊరంతా వండుకొని బంతులుగా కూర్చొని తిన్న రోజు అది. షావుకారు పక్కన హమాలీ, బీడీలు చుట్టే అమ్మ పక్కన పంతులు. మాస్టరు ఎర్ర కోటుతోనే వచ్చి కరెంటు స్తంభం పక్కన నిలబడ్డారు. ఎవరో చెయ్యి పట్టి లాగి మొదటి బంతిలో కూర్చోబెట్టారు. విస్తరిలో అన్నం పడింది. ఆయన అటూ ఇటూ చూసి, రీడు తీసి జేబులో పెట్టుకొని తిన్నారు. అడిగి మళ్లీ పెట్టించుకున్నారు. 'టిఫిను తేలేదా' అన్నాను. 'ఇయ్యాల నేను వాయించలే గద సిరిసిల్లా' అన్నారు, నోటినిండా అన్నంతో. ఆయన రెండు పక్కలా నవ్వగా చూసింది అప్పుడే.

ఆ తర్వాత కొద్ది రోజులకు నన్ను దుకాణానికి రమ్మన్నారు. షట్టరు సగం దించి, బల్ల మీద కూర్చోబెట్టి, ఒక వరస ఊదారు. సినిమాది కాదు, తనదే. పెండ్లి ఊరేగింపులా మొదలై, మధ్యలో నిదానించి, ఎవరినో వెనక్కి తిరిగి పిలిచినట్టుగా సాగి, చివరకు నడక అందుకుంది. 'ఇది ఉద్యమానికి చేసిన. దీనికి మాటలు వద్దు. జనం నడుస్తాంటే ముంగట ఊదాలె' అన్నారు. సిరిసిల్లలో పెద్ద ధూంధాం, అంటే ఉద్యమ పాటల సభ, ఉందని విన్నారట. 'మీ ఊరే గద, ఒక్కపారి ఎక్కియ్యమని అడుగు. డోళ్లు వద్దు, మంది వద్దు. నేనొక్కన్నే. క్లారినెట్ గూడ తెలంగాణదే అని ఒక్కపారి అనిపిస్తే సాలు.'

అడగడానికి ఆయనకు ఎంత కష్టమైందో మెడదాకా పెట్టిన గుండీని వేలితో తిప్పుతున్న తీరులో కనబడింది. ఆ కార్యక్రమం నడిపేది నాకు తెలిసిన లెక్చరరు. మంచివాడు. ఉద్యమంలో లాఠీ దెబ్బలు తిన్నవాడు. మాట చెప్పగానే ఒప్పుకున్నాడు. 'అసలు సిసలు మాదిగ బిడ్డ, తప్పకుండ తీసుకరా అన్నా' అన్నాడు. ఆ మాటలోనే నాకు తెలియవలసింది ఉంది.

ఆ రోజు ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. సాంచెలు బంద్ పెట్టి కార్మికులు వచ్చారు. బీడీల చాటలు ఇంట్లో పెట్టి ఆడవాళ్లు వచ్చారు. మాస్టరు స్టేజీ పక్కన మడత కుర్చీలో, క్లారినెట్ పెట్టె ఒళ్లో పెట్టుకొని కూర్చున్నారు. కోటు ఉతికి ఇస్త్రీ చేయించుకొని వచ్చారు. ఒక పాట, ఇంకో పాట, ఒక ఉపన్యాసం. ప్రతి పాట అయ్యాక ఆయన కొంచెం లేచి మళ్లీ కూర్చునేవారు. బుగ్గలో రీడు అటూ ఇటూ కదులుతోంది.

చివరికి లెక్చరరు మైకు అందుకున్నాడు. మన కోరుట్ల మాస్టరు ఇక్కడున్నారని చెప్పి పైకి పిలిచాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన పెట్టె తెరిచి, క్లారినెట్ భాగాలు బిగించుకొని, మైకు దగ్గరికి వచ్చారు. లెక్చరరు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ప్రేమగానే వేశాడు.

'మాస్టరూ, గా కోటు ఇయ్యాల ఇప్పేయుండ్రి. అది పెండ్లిళ్ల కోటు. మీ నాయిన ఊరూరా డప్పు కొట్టిండు. ఆ డప్పును నామోషీ అని మనతోని అనిపిచ్చిండ్రు. ఇయ్యాల ఆ నామోషీ పోవాలె. ఆ డప్పు మీరు కొట్టకుంటే ఇంకెవలు కొడ్తరు?'

మైకులోనే అన్నాడు. ఊరంతా విన్నది. చప్పట్లు ఇంకా పెద్దగా మోగాయి. నేను మాస్టరు ముఖం చూశాను. హార్మోనియం కంపెనీ, నిజామాబాదు, బొంబాయి, అన్నీ ఆ చప్పట్లలో కొట్టుకుపోయాయి. ఎవరో ఆయన చేతిలోంచి క్లారినెట్ తీసుకున్నారు, మెల్లగానే తీసుకున్నారు. ఆయన కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పారు. కోటును లోపలి వైపు బయటికి వచ్చేలా మడిచి పెట్టె మీద పెట్టారు. లోపల చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది. ఎవరికీ కనబడదనుకొని తొడిగిన చొక్కా. దాని మీద గొంగడి కప్పారు. గడ్డి మంట మీద అప్పుడే కాపిన డప్పు తెచ్చి మెడలో వేశారు.

కెమెరాలు వెలిగాయి. ఆయన కాలు పక్కకు జరిగింది. పక్కన నిలబడ్డవాళ్లు నవ్వుతూ మళ్లీ మధ్యలోకి లాగారు. ఇంకోసారి జరిగారు, ఇంకోసారి లాగారు.

అప్పుడు వాయించారు.

నిదానంగా మొదలుపెట్టారు. ఒక దెబ్బ, ఆగి, ఇంకో దెబ్బ. స్టేజీ ముందున్న పిల్లలు ఈలలు వేశారు. ఒకడు జెండా తిప్పుతూ ఎగిరాడు, వాడితో పదిమంది ఎగిరారు. నాకూ బాగుందనిపించింది. నా పక్కన ఒక ముసలమ్మ కూర్చొని ఉంది, మా వాడకట్టుదే. ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కొని లేచి నిలబడింది. ఆమెను చూసి ఇంకొకామె. వెనక వరసల్లో తలపాగాల ముసలివాళ్లు ఒక్కొక్కరే లేచారు. వాళ్లు స్టేజీ వైపు చూడటం లేదు, వాడల వైపు చూస్తున్నారు.

'ఎవలు వోయిండ్రు కొడుకా?' అని ఆ ముసలమ్మ నన్ను అడిగింది. ఎవరూ పోలేదమ్మా, పాటల కార్యక్రమం అన్నాను. 'మరి సావు దెబ్బ కొడ్తుండేంది?' అంది.

ముందు పిల్లలు ఎగురుతూనే ఉన్నారు. మేడిపల్లి వైపు నుంచి వచ్చిన డప్పు దళంలో ఒక పెద్దాయన ఉన్నాడు, ఆయనకు అర్థమైంది. రెండు అడుగుల్లో మాస్టరు పక్కకు వచ్చి, తన డప్పు మీద జాతర దెబ్బ అందుకున్నాడు. గట్టిగా, ఆ ఆగే చోట్లన్నీ నింపేస్తూ వాయించాడు. దళం మొత్తం కలిసింది. మాస్టరు చేతులు ఆగిపోయాయి. పుల్లలు అలాగే పట్టుకొని కళ్లు దించుకొని నిలబడ్డారు. ఫొటో అప్పటిదే. మర్నాడు మా పేపరుతో సహా రెండు మూడు పేపర్లలో వచ్చింది.

కార్యక్రమం అయ్యాక ఆయన కోసం వెతికాను. బస్టాండు దగ్గర హోటల్లో మూలన కూర్చొని ఉన్నారు. కోటు తొడుక్కున్నారు కానీ గుండీలు పెట్టుకోలేదు. టీ చల్లారిపోయింది.  రీడు బుగ్గలో లేదు, అందుకే మాట రెండు పక్కల నుంచీ వచ్చింది, ఎవరో వేరే మనిషి మాట్లాడినట్టుంది.

'మీ అవ్వలు లేసి నిలవడ్డరు. సూసినవా?'

చూశానన్నాను.

'నాకు గదొక్కటే అస్తది సిరిసిల్లా. పెండ్లి డప్పు పెద్దోళ్లు కొట్టేది. సావుకు మంది కావాలె గదా, గందుకు పోరగాన్ని నన్ను తోల్కవోయేటోడు మా నాయిన.' మా నాయిన అని, చల్లారిన టీ పక్కకు జరిపారు. 'చేతులు మర్సిపోయినయేమో అనుకున్న. మర్వలే. పోరగాండ్లు పానాలు తీసుకుంటున్న యాళ్ల, అంతమంది ముంగట సావు సాటిచ్చి అచ్చిన.'

అలా అనుకోవద్దని, ఎవరికీ తెలియలేదని ఏదో చెప్పాను. 'తెల్వనోళ్లు ఎగిరిండ్రు. తెలిసినోళ్లు లేసిండ్రు' అన్నారు. 

ఆ తర్వాత ఆ కాలమంతా, ఏ పల్లెలోనైనా ఒక పిల్లవాడు తెలంగాణ కోసం చనిపోయాడని వార్త వస్తే మాస్టరు నాకు ఫోను చేసేవారు. ఏ ఊరు, ఎవరి కొడుకు అని అడిగేవారు. ఎప్పుడు జరిగిందని అడిగేవారు. మా సిరిసిల్ల రోజుకు ముందా తర్వాతా అని లెక్క చూసుకుంటున్నారని కొన్ని ఫోన్ల తర్వాత గాని నాకు తట్టలేదు. తట్టాక ఊరి పేరు చెప్పి పెట్టేసేవాణ్ని.

రాష్ట్రం వచ్చింది. బ్యాండు దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. డోలు కొట్టినవాళ్లు దుబాయికి, మస్కట్‌కు పోయారు. సింహాల బోర్డు ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. ఇప్పుడు కోరుట్లలో పెండ్లంటే డీజే. ఆ పెట్టెలు పోతుంటే ఇండ్ల కిటికీలు అదురుతాయి, పోలీసులు వచ్చి ఆపించిపోతారు. ఆ ఊరి సంగీతం గురించి నేను ఈమధ్య రాసిన వార్తలన్నీ శబ్ద కాలుష్యం ఫిర్యాదులే. మాస్టరును సభలకు పిలిచేవారని, డప్పుతో రమ్మనేవారని విన్నాను. ఆయన పోయేవారు కాదట. మేము కలవడం కూడా తగ్గింది. కలిసినా ఆ రోజు మాట ఇద్దరం ఎత్తలేదు.

ఫ్లెక్సీ చూసి వాళ్ల ఇంటికి పోయాను. మాస్టరు భార్య గడపలో కూర్చొని ఉంది. ఆమెది చర్చికి పోయే కుటుంబం. మాస్టరు కూడా ఆదివారాలు ఆమె వెంట పోయి వెనక వరసలో కూర్చునేవారు, అక్కడ ఊదమంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు. ఖననం అయిపోయింది. డప్పులు వద్దని ఆయనే ముందు చెప్పిపెట్టారట. ఆదివారం ఇంట్లో ఆదరణ కూడిక పెట్టుకున్నారు. పాస్టరు వచ్చి ప్రార్థన చేస్తాడు, ఒక ఫొటో పెట్టి పూలదండ వేస్తారు.

ఆమెకు కావలసింది ఆ ఫొటోనే. రేషన్ కార్డుది ఉంది, బిడ్డ పెండ్లప్పటిది ఉంది, తెల్ల చొక్కాతో. దుకాణంలో బ్యాండంతా కలిసి దిగిన పెద్ద ఫొటో ఉండేది, గోడ మీద వాన నీళ్లు కారి ముఖాలన్నీ పోయాయి. క్లారినెట్‌తో ఉన్నది ఒక్కటీ లేదు.

'ఆ ఫ్లెక్సీల బొమ్మ వెట్టుమంటున్నరు సారూ. పిల్లలు పాపం పావురంగనే, ప్రేమతోనే కట్టిండ్రు, తీయమని ఎట్లంటం' అంది. తాను మాత్రం కిరాణా దుకాణానికి పోవాలన్నా చర్చికి పోవాలన్నా ఆ రోడ్డు మీదికి పోవడం లేదని, మసీదు పక్క సందులోంచి తిరిగి పోతున్నానని చెప్పింది. తర్వాత అడిగింది.

'మీ పెండ్లికి ఈయన్నే ఊదిండు గద. మీ ఆల్బంల ఉంటడు. ఒక్కటి తీసియ్యి సారూ.'

తప్పకుండా ఉంటుంది, తెస్తానన్నాను. మరి అంతసేపు ఊదిన మనిషి కదా.

సిరిసిల్లలో మా పాత ఇంట్లో బీరువా మీద నుంచి ఆల్బం దించి, నేనూ నా భార్యా మొదటి నుంచి చూశాం. తలంబ్రాలు, అప్పగింతలు, మేనమామలు, నాన్న సాంచెల్లో పని చేసిన పాత మనుషులు, పేర్లు మరిచిపోయిన దూరపు చుట్టాలు, ఐస్‌క్రీమ్ తింటున్న పిల్లలు. ఊరేగింపు ఫొటోలు ఒక్కొక్కటీ వెలుతురుకు పెట్టి చూశాం. ఆయన ఎక్కడా లేరు. వీడియో క్యాసెట్‌ను ఎప్పుడో సీడీ చేయించాం, అదీ పెట్టాం. ఊరేగింపులో డాన్సు చేస్తున్నవాళ్ల వెనక దూరంగా ఎర్రగా ఏదో కదులుతోంది. ముఖాలు చీకట్లో కలిసిపోయాయి. చప్పుడు కూడా ఆయనది కాదు. వీడియో అతను ఊరేగింపు పొడుగునా సినిమా పాట అతికించాడు.

'బ్యాండును జరుగుమన్నదే మనం గద' అంది నా భార్య.

ఆల్బం చివర్లో ఒక ఫొటో దొరికింది. మధ్యలో మా అత్తమ్మ, ఆమె చెల్లెళ్లు. కుడి అంచున ఒక ఎర్ర కోటు చెయ్యి, మడత మీద బంగారు అల్లిక, మూడు వేళ్లు, క్లారినెట్ కింది కొస. మోచేయి దగ్గర ఫొటో అయిపోతుంది. ఆ అడుగు వేసే లోపల పడ్డ ఫొటో అది.

దుకాణంలో ఆ రోజు ఊదిన వరసైనా గుర్తు తెచ్చుకుందామని చూశాను. పెండ్లి ఊరేగింపులా మొదలవుతుందని గుర్తుంది, మధ్యలో నిదానిస్తుందని గుర్తుంది. వరస రాలేదు. దాన్ని విన్నది వాళ్ల ఇంట్లో మాస్టరు భార్య, బయట నేను. సిరిసిల్లోళ్లకు చెవులుంటయా అన్న మాట మాత్రం ఆయన గొంతుతోనే వినబడింది.

శనివారం ఆ ఫొటో కవర్లో పెట్టుకొని కోరుట్ల పోయాను. ఇదొక్కటే దొరికిందమ్మా అని ఇచ్చాను. ఆమె గడప వెలుతురులో పట్టుకొని చూసింది. ముందు మధ్యలో వెతికింది. తర్వాత అంచుకు వచ్చింది. వేలు కోటు మడత మీద పెట్టింది.

'ఈయన్నే. ఈ గుండీ నేనే కుట్టిన. దొరకకపోతే నల్లది పెట్టిన, ఎంత లొల్లి వెట్టిండో.'

చాలాసేపు చూసి, ఫొటోను మళ్లీ కవర్లో పెట్టి నా చేతికి ఇచ్చింది. నేను తీసుకోలేదు, ఉంచుకొమ్మన్నాను.

'ఇండ్ల మీ అత్తమ్మ ఉన్నది సారూ. మీ ఫొటో మీ ఇంట్లనే ఉండాలె' అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. ఆదివారం కుర్చీ మీద కోటు పరిచి, దాని మీద క్లారినెట్ పెడతామంది. రమ్మంది. వస్తానని లేచాను.

వాళ్ల ఇంటి నుంచి బస్టాండుకు పెద్ద రోడ్డు మీదుగా దగ్గర. మలుపు దాకా పోయాను. గాలికి ఫ్లెక్సీ కొట్టుకుంటున్న చప్పుడు వినబడింది. వెనక్కి తిరిగి, మసీదు పక్క సందులోంచి పోయాను.